బెజవాడ రోడ్డు వెంట పాలకూర

చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటి, మలక్‌పేట, మూసారాంబాగ్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరే బెజవాడ రోడ్డు, పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారిలో ఒక ముక్క. 2018 సెప్టెంబరులో దీని నెత్తిన ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. కింద బస్సులు, ఆటోలు, బైకుల రద్దీ మాత్రం అలాగే ఉంది. ఆ పొగ మన ఊపిరితిత్తులకు చేసే చేటు గురించి అందరూ మాట్లాడతారు. కూరాకు సంగతి ఎవరూ ఎత్తరు.

కొత్తపేటలో ఆగాలి, నేను పెరిగిన చోటది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కి వచ్చిన లారీలు తెల్లవార్లూ బారులు తీరి ఉండేవి. ఇప్పుడా మార్కెట్ బాటసింగారం పోయింది. చిన్నప్పుడు సరూర్‌నగర్ చెరువు వైపు కూరమడులు చూసేవాణ్ణి. వాటి చోట ఇళ్లు లేచాయి.

సరూర్‌నగర్ రైతుబజార్లో మొన్న ఓ పాలకూర కట్ట విప్పి చూశాను. లేత ఆకులు నిగనిగలాడుతున్నాయి. ముదురాకుల పైవైపున, ఈనెల మధ్య, గుండుసూది మొనంత తెల్లటి చుక్కలు. "నల్లి పట్టిందేమో బిడ్డా, మందు కొట్టినం" అంది అమ్మే పెద్దమ్మ. ఆకు తిప్పాను. అడుగున నల్లి లేదు, గూడు లేదు. ఒక్క కట్ట చూసి తేల్చలేం గానీ, ఓజోన్ దెబ్బ కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. గాలి చేసిన గాయాన్ని నల్లి అనుకుంటే రైతుకు మందు ఖర్చు దండగ, తినేవాడికి అదనపు విషం.

ఓజోన్ ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిరి కలిసి ఎండలో ఉడికితే పుడుతుంది. పత్రరంధ్రాల్లోంచి లోపలికి దూరి కణాలను కాలుస్తుంది. ఆకు ఆ రంధ్రాలు మూసుకుంటే బొగ్గుపులుసు వాయువు అందక ఎదుగుదల కుంటుపడుతుంది. మీద దుమ్ము పేరుకుంటే వెలుతురూ తగ్గుతుంది. లాస్ ఏంజలిస్ పొగమంచు చేసే చేటు 1940లలోనే కూరగాయల ఆకుల మీద కనిపించింది. 1966లో అమెరికాలో పొగాకు మొక్కల మీద ఇంకో సంగతి బయటపడింది: విడివిడిగా హాని చేయనంత కొద్ది మోతాదుల్లో ఓజోన్‌ని, సల్ఫర్ డయాక్సైడ్‌ని కలిపి వదిలితే ఆకులు మాడాయి. మన దగ్గర బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మధూలిక అగ్రవాల్ బృందం వారణాసి చుట్టుపక్కల పాలకూర, పెసర పెంచి చూస్తే, కాలుష్యం ఎక్కువున్న చోట దిగుబడి తగ్గింది.

ఎల్బీనగర్, వనస్థలిపురం త్వరగా దాటేద్దాం. ఊరు దాటితే గాలి శుభ్రపడుతుందన్న నమ్మకం ఓజోన్ విషయంలో చెల్లదు. రద్దీ రోడ్డు మీద బండ్లు వదిలే నైట్రిక్ ఆక్సైడే ఓజోన్‌ని కొంత తినేస్తుంది. దూరం పోయేకొద్దీ ఆ అడ్డు తగ్గి ఓజోన్ పోగుపడుతుంది. పడమటి గాలి వీచినప్పుడు నగరం పొగ ఇటే వస్తుంది. నగరం నెట్టేసిన కూరమడులు వెళ్లి కూర్చున్నది ఈ అంచునే.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2009 నాటి మన జాతీయ గాలి ప్రమాణాల్లో ఓజోన్‌కి 8 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. పంటకంటూ వేరే లెక్క లేదు. యూరప్‌లో పగటివేళ 40 పీపీబీ (వందకోట్ల పాళ్లలో 40 పాళ్లు) దాటిన ఓజోన్‌ని గంటగంటకీ కూడి, పంటకాలం మొత్తానికి హద్దు కడతారు. పంట తిని బతికే దేశంలో ఆ కూడిక ఎందుకు లేదు?

హయత్‌నగర్‌లో, ఈ రోడ్డు మీదే, కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్షేత్రం ఉంది. బెజవాడ ఇంకా రెండొందల కిలోమీటర్ల పైమాటే, నేను మాత్రం ఇంతకన్నా ముందుకు పోను. ఓజోన్ సోకితే కొద్దిరోజుల్లోనే మచ్చలు తేలే బెల్-డబ్ల్యూ3 అనే పొగాకు రకం ఉంది. ఆ క్షేత్రం వాళ్లు పూనుకుంటే కొత్తపేట, ఎల్బీనగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేటల్లో నాలుగేసి కుండీలు పెట్టి, దగ్గరి బడిపిల్లల చేత వారం వారం మచ్చలు లెక్కపెట్టించవచ్చు. ఈ రబీలోనే మొదలుపెట్టవచ్చు.