చెవిలో హోరు – ఒక శ్రుతి సంగీతం

డెబ్బై దాటిన తరువాత నా రెండు చెవులలోనూ సన్నని హోరు నిలిచిపోయింది. పగలు పనులలో మరుగున పడుతుంది. రాత్రి బీర్పూర్ నిద్రపోయాక అదొక్కటే మేలుకొని ఉంటుంది. దీనిని టినిటస్ అంటారు. వయసుతో వినికిడి తగ్గినవారిలో, పెద్ద శబ్దాలకు లోపలి చెవి దెబ్బతిన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది.

నిశ్శబ్దంలో హోరు మరింత స్ఫుటంగా తెలుస్తుంది. అందుకే పక్కన ఏదైనా మెల్లని శబ్దం ఉంచుకొమ్మని చెబుతాము. ఫ్యాను చప్పుడైనా చాలు. నేను మాత్రం ‘డీప్ లిజనింగ్’ అనే ఆల్బమ్‌ను ఎంచుకున్నాను. 1988 అక్టోబరు 8న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఫోర్ట్ వార్డెన్ అనే పాత సైనిక స్థావరపు భూగర్భ నీటితొట్టిలో దానిని రికార్డు చేశారు. ఇరవై లక్షల గ్యాలన్ల ఆ ఖాళీ తొట్టిలో ఒక ధ్వని అణగడానికి సుమారు 45 సెకన్లు పడుతుంది. పాలీన్ ఒలివెరోస్ అకార్డియన్, స్టువర్ట్ డెంప్‌స్టర్ ట్రాంబోన్, పనయోటిస్ గాత్రం ప్రధానం. అంతా అప్పటికప్పుడు కల్పించినదే. ఒకరి స్వరం ఇంకా గోడల మధ్య తిరుగుతుండగానే మరొకరు దానిపై తమ స్వరం నిలపాలి. కనుక వాయించడం కంటె వినడమే అక్కడ పెద్ద పని.

ఇందులో పల్లవి లేదు, తాళం లేదు. శారద కథలో కథను తీసివేసి, తంబూర శ్రుతిని మాత్రమే సాగనిచ్చినట్లుంటుంది. మొదటి రాత్రి మా ఇంటావిడ, “మోటరు బంద్ చెయ్యలేదా?” అని అడిగింది.

హోరు పోలేదు. కానీ దానికి కాపలా కాయడం నా మనస్సు మానుకొన్నది. నిద్ర తిరిగి వచ్చింది.

ఇటువంటి బాధ ఉన్నవారు ఏ సంగీతమైనా హోరును ముంచేయనంత మెల్లగా, ఇయర్‌ఫోన్లు లేకుండా వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దలకు 80 డెసిబెళ్ల ధ్వని వారానికి 40 గంటలకు మించరాదు. చెవిలో నూనె పోయకండి. హోరు ఒక చెవిలోనే ఉన్నా, నాడితో పాటు కొట్టుకొంటున్నా, తల తిరుగుతున్నా చెవి వైద్యునికి చూపించండి. వినికిడి హఠాత్తుగా తగ్గితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఆలస్యమైతే అది తిరిగి రాకపోవచ్చు.