నిప్పు ఒకటే, రుచులు వేరు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు మన పెద్దలు. రుచులు భిన్నమని ఆ సామెత ఒప్పుకున్నది గాని, భిన్నమైన రుచులు గలవారు ఒకే బల్ల దగ్గర ఎట్లా కూర్చోవాలో చెప్పలేదు. ఆ ప్రశ్నకు సమాధానం కొంతవరకు నాకు అమెరికా దక్షిణ రాష్ట్రాల రహదారుల మీద, మాంసం కాల్చే పొయ్యిల ప్రక్కన దొరికింది. దానిని మన కళాశాల విద్యార్థులతో పంచుకొనడం ఉచితమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2023 సెప్టెంబరులో నేను నార్త్ కెరొలైనా రాష్ట్రంలో, రాలీ నగరానికి సమీపాన ఉన్న మా అమ్మాయి ఇంట కొంతకాలం గడిపాను. ఒకప్పుడు మన కళాశాలలో ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగును మాత్రం నా దగ్గర నేర్చుకున్న పూర్వవిద్యార్థి ఒకడు అక్కడే ఇంజనీరుగా ఉన్నాడు. నన్ను చూడవచ్చి, కుశలప్రశ్నలయ్యాక ఒక కోరిక కోరాడు.

"సార్, మా ఆఫీసులో ఏటా బార్బెక్యూ విందు చేస్తారు. పదిహేనేళ్లుగా నేను క్యాబేజీ ముక్కల పళ్లెం పట్టుకొని ఒక మూల నిలబడుతున్నాను. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. వాళ్లూ అట్లాగే మూల నిలబడాలా? ఈ దేశపు వంటలో మాకు చోటుందో లేదో ఒకసారి తిరిగి చూడాలని ఉంది. మీరు తోడు రావాలి" అన్నాడు.

అతడు పందిమాంసం ముట్టడు. నేను గోమాంసం ముట్టను. మేమిద్దరం కలిసి అమెరికాలో మాంసాహార యాత్రకు బయలుదేరుతున్నామని విని మా అమ్మాయి పకపక నవ్వింది. క్రైస్తవులు కోసిన మాంసం విషయంలో ధర్మవేత్తలలో అభిప్రాయభేదం ఉన్నదనీ, తాను అనుమతించే పక్షాన్ని అనుసరిస్తాననీ అతడు ముందే చెప్పాడు. పది రోజులలో మేము 3,000 కిలోమీటర్లకు పైగా కారులో తిరిగాము.

బార్బెక్యూ అనగానే మనవారికి కబాబు స్ఫురిస్తుంది. కాని ఈ రెండింటికీ చాలా దూరం. కబాబు నిప్పుకు దగ్గరగా ఉండి త్వరగా కాలుతుంది. బార్బెక్యూ నిప్పుకు దూరంగా, కట్టెల పొగలో మెల్లగా మగ్గుతుంది. పొయ్యిలోని వేడి సాధారణంగా 110 నుండి 120 డిగ్రీల సెంటీగ్రేడు మించనీయరు. గట్టి మాంసాన్ని పట్టి ఉంచే కొలాజెన్ అనే పదార్థం గంటల తరబడి ఆ వేడి తగిలి జెలటిన్‌గా మారుతుంది. అప్పుడు మాంసం వ్రేళ్లతో తీస్తేనే విడిపోతుంది. ఆ విధంగా చూస్తే ఇది కబాబుకంటె మన హలీముకే దగ్గరి చుట్టం. రెండింటిలోనూ ముఖ్యమైన దినుసు ఓపికే.

ఈ మాటకు మూలం కరీబియన్ దీవులలోని తైనో ప్రజల భాష. కట్టెలతో కట్టిన మంచె అని దాని అర్థం. స్పెయిన్ దేశస్థులు దానిని బార్బకోవా అన్నారు, ఇంగ్లీషువారు బార్బెక్యూ చేశారు. అమెరికా దక్షిణ ప్రాంతంలో నేలలో గుంటలు త్రవ్వి, రాత్రంతా మేలుకొని నిప్పును కాచినవారు అధికభాగం ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు. దొరల విందులకు, ఎన్నికల సభలకు వండి పెట్టినది వారే. ఈ సంగతి గుర్తుంచుకొంటే తరువాత చెప్పబోయేది బాగా అర్థమవుతుంది.

మా మొదటి మజిలీ రాష్ట్రానికి తూర్పుభాగాన ఉన్న ఐడెన్ అనే చిన్న ఊరు. 1947లో ఆరంభమైన స్కైలైట్ ఇన్ అనే భోజనశాల అక్కడ ప్రసిద్ధం. దాని కప్పుమీద అమెరికా శాసనసభా భవనాన్ని పోలిన గోపురం కట్టారు. పందిని ముక్కలు చేయక మొత్తంగా కట్టెల నిప్పుమీద మగ్గించి, తరువాత సన్నగా తరిగి, సిర్కా, మిరపపొడి కలిపి ఇస్తారు. నాకు అలవాటు లేని మాంసమే అయినా నిషేధం లేదు గనుక రుచి చూశాను. పులుపు, కారం తగలగానే తెలుగు నాలుక సంతోషించింది. నా శిష్యుడు రొట్టె అయినా తిందామనుకున్నాడు. అడిగితే మొక్కజొన్న రొట్టెలో కూడ పందికొవ్వే వేస్తారని తెలిసింది. చివరికి అతనికి మిగిలినది మళ్లీ క్యాబేజీయే. కారులోకి వచ్చి, ఇంటినుండి తెచ్చుకొన్న చపాతీలలో గోంగూర పచ్చడి పెట్టుకొని తిన్నాడు.

అక్కడినుండి పశ్చిమానికి మరలి లెక్సింగ్టన్ చేరాము. ఇక్కడ పంది భుజం మాంసం మాత్రమే వాడతారు. సిర్కాలో కొంచెం టొమాటో కెచప్ కలుపుతారు. ఆ ఎర్రరంగు ఉండాలా, కూడదా అని ఒకే రాష్ట్రపు తూర్పువారు, పడమటివారు తరతరాలుగా వాదించుకుంటున్నారు. పప్పుచారులో బెల్లం వేయవచ్చునా అని మనలో జరిగే వాదం నాకు జ్ఞాపకం వచ్చింది.

తరువాతి మజిలీ అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్. ఇక్కడ మేము తినడానికి ఆగలేదు. నా శిష్యునితో పనిచేసే ఒక నల్లజాతి పెద్దమనిషి మా యాత్ర సంగతి విని, ఆ ఊరు చూడనిదే బార్బెక్యూ అర్థం కాదని చెప్పి పంపాడు. ఆ నగరంలో ఆలీస్ బార్బెక్యూ అనే భోజనశాల ఉండేది. 220 మంది కూర్చునే వసతి. 36 మంది పనివారిలో మూడింట రెండువంతులు నల్లవారు. కాని నల్లవాడు వచ్చి డబ్బిచ్చినా లోపల కూర్చోరాదు. పొట్లం కట్టించుకొని బయటికి పోవలసిందే. 1964 జులైలో పౌరహక్కుల చట్టం వచ్చినప్పుడు యజమానులు అది తమకు వర్తించదని న్యాయస్థానానికి వెళ్లారు.

సుప్రీంకోర్టు 1964 డిసెంబరు 14న ఏకగ్రీవంగా వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పులోని తర్కం విచిత్రమైనది. ఆ భోజనశాల ఏడాదిలో కొన్న సుమారు 1,50,000 డాలర్ల సరుకులో 46 శాతం ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన మాంసం. రాష్ట్రాల మధ్య జరిగే వర్తకంపై శాసనాధికారం కాంగ్రెసుది; కనుక ఆ మాంసం వడ్డించే చోట ఎవరు కూర్చోవాలన్నది కూడ ఆ చట్టం పరిధిలోనిదే అన్నారు. రాష్ట్రపు ఎల్లలు దాటి వచ్చిన మాంసం తనతోపాటు కూర్చునే హక్కును కూడ తెచ్చినదన్నమాట!

ఆ భోజనశాల ఇప్పుడు లేదు. అది ఉన్న నగర వీథులలో నడుస్తూ నా శిష్యుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "సార్, నన్నెవరూ మూలకు పంపలేదు. నా పళ్లెం చూసుకొని నేనే పోయి నిలబడ్డాను. వీళ్లకు పళ్లెం ఉండీ కుర్చీ లేదు" అన్నాడు. మన పల్లెల్లో కాఫీ హోటళ్ల ముందు విడిగా పెట్టిన గ్లాసులు నా కళ్ల ముందు మెదిలాయి. వండే చేతికి లేని అంటు కూర్చునే మనిషికి ఎక్కడినుండి వస్తుందో ఏ దేశంలోనూ ఎవరూ చెప్పలేకపోయారు.

ఉత్తరంగా ప్రయాణించి కెంటకీ రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున ఉన్న ఓవెన్స్‌బరో చేరేసరికి మా యాత్ర మలుపు తిరిగింది. అమెరికాలో బార్బెక్యూకు గొర్రెమాంసమే ప్రధానమైన ఊరు ఇది. 19వ శతాబ్దంలో ఊలు కోసం ఇక్కడ గొర్రెలను విస్తారంగా పెంచారు. ముసలివైన గొర్రెల మాంసం గట్టిది, వాసన గలది. దానిని తినదగినదిగా చేయడానికి హికరీ కట్టెల పొగలో గంటల తరబడి ఉంచే పద్ధతి ఏర్పడింది. కాథలిక్కు చర్చిల వార్షిక విందులు ఈ సంప్రదాయాన్ని నిలబెట్టాయి. ఉరుసులోనూ జాతరలోనూ పెద్ద దేగిసాలు పొయ్యికెక్కినట్లే అక్కడ చర్చి ఆవరణలో పొయ్యిలు రగులుతాయి.

మూన్‌లైట్ అనే పేరుగల భోజనశాలలో మేమిద్దరం ఆ యాత్రలో మొట్టమొదటిసారి ఒకే పళ్లెం నుండి తిన్నాము. మాంసం నల్లబడి, మెత్తగా, పొగ వాసనతో ఉంది. పైన నల్లని పుల్లటి రసం. అతడు మొదటి ముద్ద నోట పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. "అమ్మీ బక్రీదుకు వండినట్లుంది సార్, పొగ ఒక్కటే ఎక్కువ" అన్నాడు.

మెంఫిస్‌లో పొడి మసాలా పట్టించిన పంది ప్రక్కటెముకలు ప్రసిద్ధం. అతడు వద్దన్నాడు, నేను ఒకటి రెండు రుచి చూశాను. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైన లొరేన్ మోటెల్ ఆ నగరంలోనే ఉంది. ఇప్పుడది పౌరహక్కుల ప్రదర్శనశాల. ఆయన అక్కడికి వచ్చినది సమ్మె చేస్తున్న పారిశుద్ధ్య కార్మికుల పక్షాన నిలబడడానికి.

టెక్సాస్‌లో అడుగుపెట్టగానే మా పాత్రలు తారుమారైనాయి. ఇక్కడ రాజ్యమేలేది గోమాంసం, అందులోనూ రొమ్ము భాగం. లాక్‌హార్ట్ అనే ఊరిలో 1900లో స్థాపించిన క్రూట్స్ మార్కెట్ జర్మన్ వలస కుటుంబాల మాంసపు దుకాణంగా మొదలైంది. అమ్ముడుపోగా మిగిలిన మాంసాన్ని ఓక్ కట్టెలపై కాల్చి గోధుమరంగు కాగితంలో ఇస్తే ప్రత్తి చేలలో పనిచేసే కూలీలు కొనుక్కొని తినేవారట. ఫోర్కు, సాసు ఇవ్వకపోవడం చాలాకాలం అక్కడి నియమం. 1999లో తోబుట్టువుల మధ్య వివాదం వచ్చి దుకాణం వేరే చోటికి మారవలసి వచ్చినప్పుడు, పాత పొయ్యిలోని నిప్పుకణికలను తొట్టిలో పోసుకొని వీథి వెంట ఈడ్చుకుపోయి కొత్త పొయ్యి రగిల్చారు. పోట్లాడుకున్నా నిప్పును మాత్రం ఆరనివ్వలేదు.

ఆ ఊరిలో అతడు తృప్తిగా భోంచేస్తుంటే నేను టర్కీ కోడి ముక్కలతో సరిపెట్టుకున్నాను. కాగితం ఒక్కటే, అటు అతని మాంసం, ఇటు నా మాంసం, నడుమ ఉల్లిపాయలు, ఊరగాయలు. అవి ఇద్దరికీ సొంతమే. డల్లాస్ పరిసరాలలో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. టెక్సాస్‌లోని ముస్లిములు హలాల్ మాంసంతో ఇదే పద్ధతిలో పొయ్యిలు నడుపుతున్నారు. ఆ నిప్పు ఇప్పటికే మనవారి చేతికి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో నా శిష్యుడు ఒక నిర్ణయానికి వచ్చాడు. వచ్చే ఏటి ఆఫీసు విందుకు ముందురాత్రే తన పెరటిలో విడిగా పొయ్యి పెట్టి, వాళ్లమ్మ మసాలా పట్టించిన గొర్రె తొడను హికరీ పొగలో మగ్గించి తీసుకువెళ్తాడట. పిల్లలిద్దరూ రాత్రి మేలుకొని నిప్పు కాస్తారట. ఆఫీసు బల్లకు తన పళ్లెం కూడ చేరితే మూల నిలబడవలసిన పని లేదు కదా అన్నాడు.

విద్యార్థులారా, రేపు మీలో చాలామంది దూరదేశాలకు వెళతారు. మీ నియమాన్ని వదులుకొమ్మని ఎవరన్నా అంటే వినకండి. నియమం పేరుతో బల్లకు దూరంగా నిలబడకండి. అన్నిటికంటె ముందుగా, ఆ బల్ల చుట్టూ కుర్చీ లేనివారెవరైనా ఉన్నారేమో చూచి, జరిగి కూర్చొని వారికి చోటివ్వండి.