బాపమ్మ మరచినవి, మరవనివి

పిల్లలూ, మీ ఈడులో నేను కరీంనగర్‌లో మా బాపమ్మ దగ్గర పెరిగాను. ఆమె పుట్టిల్లు నిర్మల్. అది అప్పట్లో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఆమె తండ్రి కొయ్యబొమ్మలు చేసేవాడు.

కొంతకాలానికి బాపమ్మకు మతిమరుపు పట్టుకున్నది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, "నాకు బువ్వ పెట్టరా?" అని అడిగేది. నన్ను చూసి, "నువ్వు ఎవలి పిలగానివి బిడ్డా?" అనేది. వాడకట్టులో కొందరు ఆమెకు పిచ్చి అన్నారు. కొందరు చాదస్తమని నవ్వారు. ఒకనాడు నేను కూడా నా స్నేహితులను నవ్వించటానికి, "నేను పక్కింటి పోరన్ని," అని చెప్పాను. పాపం, ఆమె నమ్మింది.

ఆ సాయంత్రం బాపమ్మ ఇంట్లో లేదు. వెతగ్గా వెతగ్గా బస్టాండులో కనిపించింది. చాయ్ కొట్టతను ఆమెను బల్లమీద కూర్చోబెట్టి, "బస్సు వచ్చేదాకా చాయ్ తాగు అవ్వా," అంటూ కనిపెట్టుకుని ఉన్నాడు. అతను నవ్వలేదు.

బాపమ్మ నాతో, "మా మనుమడు కనబడ్తలేడు బిడ్డా. నిర్మల్ పోయిండేమో, ఎతుకపోతున్న," అన్నది.

నాకు ఏడుపు ఆగలేదు.

ఇది పిచ్చి కాదనీ, ముసలివాళ్ళందరికీ వచ్చేది కాదనీ నాకు తరువాత తెలిసింది. మెదడులోని కణాలు దెబ్బతినటం వల్ల వచ్చే ఈ స్థితిని డిమెన్షియా అంటారు. ఇందులో ఎక్కువగా కనిపించే జబ్బును 1906లో ఆల్జీమర్ అనే జర్మనీ వైద్యుడు వివరించాడు. అది సాధారణంగా కొత్త జ్ఞాపకాలను ముందు చెరిపేస్తుంది. అందుకే ఇప్పుడు తిన్న అన్నం గుర్తుండదు, చిన్ననాటి ఇల్లు గుర్తుంటుంది. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించిన వైద్యులు, రెండు భాషలు మాట్లాడేవారిలో ఇది సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించిందని 2013లో ప్రకటించారు. పూర్తిగా నయంచేసే మందు మాత్రం ఇంకా లేదు. ఆదరణే పెద్ద ఆసరా.

మరునాడు మా బాపు పొణికి చెక్కముక్కలు, చింతగింజల పిండి, రంపపు పొట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నా పేరు మరచిన బాపమ్మ పిండీ పొట్టూ కలిపి, చెక్కచిలుకకు రెక్కలు చక్కగా అతికించింది! చేతుల అలవాటు మెదడులో వేరే చోట ఉంటుంది. అది చాలాకాలం నిలుస్తుంది.

పిల్లలూ, ఇటువంటి పెద్దవాళ్ళను "నేనెవరో చెప్పు" అని పరీక్షించకండి. మీ పేరు మీరే చెప్పండి. దారి తప్పినవారు కనిపిస్తే పక్కన కూర్చుని పెద్దలను పిలవండి. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోను నంబరు కూడా ఉన్నది.

ఆనాటి నుంచి బాపమ్మ ఎన్నిసార్లు అడిగినా నేను ఒకటే జవాబు చెప్పాను: "నీ మనుమణ్ణి, బాపమ్మా!"