కొట్టివేసిన సంఖ్య

సైనిక దుర్భిణులను సేకరించే వ్యక్తి మొదట గాజును చూడడు, సంఖ్యను వెదకుతాడు. వింత అభిరుచే! రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుండి, సోవియట్ కర్మాగారాలు గురికాండ్రకోసం మోసిన్-నాగాంత్ తుపాకులకు పి.యు. దుర్భిణులను బిగించాయి. దృశ్యాన్ని మూడున్నర రెట్లు పెద్దది చేసే ఆ దుర్భిణిని ఏ తుపాకికి సరిచేశారో, దాని గొట్టం మొదట ఆ దుర్భిణి సంఖ్యను ముద్రించేవారు. యుద్ధానంతర మరమ్మతులలో ఎన్నో జంటలు విడిపోయాయి. అప్పుడు పాత సంఖ్యపై గీత గీసి, కొత్త సంఖ్య వేశారు.

నేటి విపణిలో గీతపడని జంటకే అధిక మూల్యం. అందువల్లనే సామాన్యమైన తుపాకికి రంధ్రాలు తొలిచి, దొంగ సంఖ్య చెక్కి అమ్మేవారు పుట్టుకొచ్చారు. ఆ గాజులోనుండి ఏ కన్ను ఎవరిని చూసిందో అసలు సంఖ్య కూడా చెప్పలేదు. వివేకి అయిన సేకరణకర్త మాత్రం గీతపడిన తుపాకినీ ఆదరంగా కొంటాడు. ఆ గీతను అరగదీయడు.