కొసరు, వడ్డీ

మా తెనాలిలో, నా బాల్యమున, అమ్మ కూరలు కొని సంచిలో పోసికొన్న పిదప గంపవైపు చూచి "కొసరేదే?" అని అడుగుటయు, కూరలమ్మి నవ్వుచు గుప్పెడు పచ్చిమిరపకాయలో రెండు కరివేపాకు రెబ్బలో సంచిలో వేయుటయు నేటికిని నాకు కన్నులకు గట్టినట్లున్నది. ఆ కొసరునకు లెక్కలు లేవు, నిబంధనలు లేవు. రేపు మరల రమ్మను పిలుపు మాత్రమే దానిలో నుండెను. ఇంగ్లండులోని రెడింగు పట్టణమునకు కాపురము వచ్చిన పిమ్మట, ఇచ్చటి సూపర్ మార్కెట్టులవారు ఇచ్చు పాయింట్లను చూచినప్పుడు నాకు మొట్టమొదట స్ఫురించినది ఆ కొసరే.

ఈ దేశమున కొసరునకు దీర్ఘమైన చరిత్ర కలదు. 1844లో రోచ్‌డేల్ పట్టణపు శ్రామికులు నెలకొల్పిన సహకార సంఘము, వచ్చిన లాభమును, ఎవరెంత సరకు కొనిరో అంతకు తగినట్లు సభ్యులకే పంచి యిచ్చెను. 1963లో టెస్కో అను సూపర్ మార్కెట్టు సంస్థ, కూడబెట్టి వస్తువులుగా మార్చుకొను గ్రీన్ షీల్డ్ స్టాంపుల నియ్యనారంభించి, 1977లో వానిని విరమించి, 1995లో క్లబ్‌కార్డను సభ్యత్వపు కార్డును ప్రవేశపెట్టెను. పౌండునకు ఒక పాయింటు, పాయింటునకు ఒక పెన్నీ. అనగా నూటికి ఒకటి. ఆ కార్డు ఉచితము. సభ్యులకని ప్రత్యేకించిన తగ్గింపు ధరలును ఆ ఉచిత కార్డునకే లభించును. అందులకై ఎవరును అప్పు చేయనక్కరలేదు. ఇంతవరకును అది వర్తకుని కొసరే.

అంగడిపేరుతోనే క్రెడిట్ కార్డు చేతికి వచ్చిన నాడు మాత్రము వర్తకుని ప్రక్కన వడ్డీవ్యాపారియు వచ్చి కూర్చుండును. నేను పుచ్చుకొన్న కార్డునకు వార్షిక రుసుము లేదు. ఆ అంగడిలో 4 పౌండ్లు వెచ్చించిన నొక పాయింటు, వెలుపల 8 పౌండ్లు వెచ్చించిన నొక పాయింటు దానివలన అదనముగా వచ్చును. కార్డుతో జరిగిన ప్రతి అమ్మకముపైనను వర్తకుని బ్యాంకు కార్డునిచ్చిన బ్యాంకునకు చెల్లించు రుసుము నూటికి 0.3 మించరాదని 2015 చివరనుండి ఇచ్చట కట్టడి యున్నది గనుక, బహుమానము ఇంత సన్నముగా నుండుటలో వింత లేదు. బ్యాంకు ఆశించు గొప్ప రాబడి వడ్డీలోనే యున్నది.

ఈ సత్యము నాకు మొదటి సంవత్సరముననే అనుభవమునకు వచ్చినది. 600 పౌండ్ల బిల్లు రాగా, దాని క్రింద 'మినిమం పేమెంట్' అని వ్రాసిన స్వల్పమొత్తమును చెల్లించి, ఋణధర్మము నెరవేర్చితినని నిశ్చింతగా నుంటిని. మరుసటి నెలలో సుమారు 12 పౌండ్ల వడ్డీ పడెను. ఏడాదికి నూటికి 24 వంతున, అనగా మన పల్లెలలో రెండు రూపాయల వడ్డీ యందురే, సరిగా అదియే. కార్డువలన అప్పటికి గడచిన మూడు మాసములలో నాకు దక్కిన పాయింట్ల విలువ 3 పౌండ్లు. 12 పౌండ్లకు సరిపడు పాయింట్లను వెలుపలి ఖర్చుతో సంపాదింపవలెనన్న 9,600 పౌండ్లు వెచ్చింపవలెనని ఆ రాత్రి కాగితముపై లెక్కవేసికొని చాలసేపు నిద్రపోలేదు. గరిష్ఠముగా 56 దినములు వడ్డీ లేదన్న మాట, బిల్లు మొత్తమును గడువులోపల తీర్చినవానికే వర్తించునని అప్పుడు తెలిసికొంటిని.

రెండవ పాఠము విజయవాడలో నేర్చితిని. అక్క కూతురి వివాహమునకు పోయి 400 పౌండ్ల విలువగల ధర్మవరపు పట్టుచీరలను ఈ కార్డుతోనే కొంటిని. విదేశీ వ్యవహారపు రుసుము నూటికి 2.75 వంతున 11 పౌండ్లు పోయినవి. వచ్చిన పాయింట్లు 50, అనగా అర్ధ పౌండు. ఇదే కార్డుతో ఏటీఎంలో నగదు తీసినచో ప్రత్యేక రుసుమునకు తోడు, తీసిన దినమునుండియే వడ్డీ నడచును.

అట్లని కార్డును నిందించుట న్యాయము కాదు. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టములోని 75వ సెక్షను ననుసరించి, 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్లవరకు ధరగల వస్తువును క్రెడిట్ కార్డుతో కొన్నప్పుడు, అమ్మినవాడు మోసగించినను దివాలా తీసినను, కార్డు నిచ్చిన సంస్థయు అతనితో సమానముగా బాధ్యత వహింపవలెను. నాకు తోచినంతవరకు, ఈ రక్షణ పాయింట్లన్నింటికంటె విలువైనది. క్రొత్తగా వచ్చినవారికి క్రమము తప్పక తీర్చిన బిల్లులు మంచి క్రెడిట్ చరిత్రనుగూడ ఏర్పరచును.

అసలుకంటె కొసరు ముద్దని మనవారందురు. అసలుకంటె వడ్డీ ముద్దని కూడ మనవారే యందురు. మొదటిది కొనువాని మనస్సు, రెండవది అప్పిచ్చువాని మనస్సు. ఈ కార్డులో ఆ రెండును ముఖాముఖి నిలిచియున్నవి. చదువులకును ఉద్యోగములకును ఈ దేశమునకు వచ్చుచున్న మన బిడ్డలకు నా విన్నప మొక్కటే: కార్డు చేతికి వచ్చిన దినముననే, బిల్లు మొత్తము నెలనెల మీ ఖాతానుండి చెల్లునట్లు డైరెక్ట్ డెబిట్ ఏర్పాటు చేసికొనుడు. అది చేయలేని మాసమున కార్డును పెట్టెలో పెట్టి, ఉచితమైన సభ్యత్వపు కార్డుతోనే సరకులు తెచ్చుకొనుడు.