వంటపాత్రకు లేబుల్ ఉండదు

విశాఖపట్నం ప్రభుత్వ బడుల్లో 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరిట నడుస్తున్న మధ్యాహ్న భోజనంలోని కోడిగుడ్డు, వేరుశనగ చిక్కీ చాలామంది పిల్లలకు బలమే.

అయితే శరీర రక్షణ వ్యవస్థ ఒక ఆహారాన్ని శత్రువుగా పొరబడే తీవ్ర అలెర్జీ ఉన్న బిడ్డకు అవే, ఈ తీరపు రొయ్యల్లాగే, ఊపిరాడనీయక రక్తపోటును పడగొట్టే ప్రాణాంతక స్థితికి, అంటే అనాఫిలాక్సిస్‌కు, దారితీయవచ్చు.

ప్యాకెట్లపై ఇటువంటి పదార్థాల ప్రకటనను 2020 నాటి ఆహార నిబంధనలు తప్పనిసరి చేసినా, వంటపాత్రకు లేబుల్ ఉండదు కనుక బిడ్డ అలెర్జీ వివరం టీచరుకూ, వండే ఆయమ్మకూ, (బంధువులు నొచ్చుకున్నా సరే) తిండి పెట్టే పిన్నిగారికీ కాగితంపైనే అందాలి.

అనాఫిలాక్సిస్ వస్తే తొడ కండరంలో వెంటనే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రథమ చికిత్స. దద్దుర్ల మాత్ర దానికి బదులు కాదు, 108కి ఫోను ఆలస్యం కారాదు.

తమ పిల్లల బడిలో అలెర్జీ వివరాలను ఎవరు నమోదు చేస్తున్నారో తెలిసినవారు ఇక్కడ తెలుపగలరు.