మోతీకి తెలుగు రాదు

ఈ గ్రూపులో మనం నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌ల ముచ్చట్లే ఎక్కువ పెడతం. ఇయ్యాల నేను మా కుక్క గురించి రాస్తున్న. నవ్వేటోళ్లు నవ్వండి, హాస్టల్‌లో ఇప్పటికే నవ్విండ్రు.

మాది కోదాడ దగ్గర తండా. నేను సూర్యాపేటలో డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మోతీని బాపు మిర్యాలగూడ దిక్కు మా అక్క అత్తగారి తండా నుంచి తెచ్చిండు. యూరియా సంచిల పెట్టి, మూతి మాత్రం బయటికి ఉంచి, బస్సులో కాళ్ల సందున దాచిండట. హుజూర్‌నగర్ దాటినంక అది కుయ్యిమంటే కండక్టర్ చూసి కూడా చూడనట్టే పోయిండట. ఈ ముచ్చట బాపు ఎన్నిసార్లు చెప్పిండో లెక్కలేదు.

మోతీకి తెలుగు రాదు. "రా" అంటే కదలదు, "ఆవ్" అంటే ఉరికొస్తది. బడికి పోయిన కొత్తల నా సంగతి గూడ అంతే ఉండె, అందుకే మా ఇద్దరికి బాగ కుదిరింది. నేను హాస్టల్‌కు పోయేటప్పుడు రోడ్డు దాక వచ్చి, ఆటో మలుపు తిరిగేదాక నిలబడేది. తిరిగొచ్చే రోజు దానికి ఎట్ల తెలిసేదో, అక్కడనే ఉండేది.

మొన్న సెమిస్టర్ పరీక్షలప్పుడు రోజూ యాడికి ఫోన్ చేసిన. "మోతీ తిన్నదా?" అంటే "తిన్నది బిడ్డా" అనేది. ఒకరోజు "పండుకున్నది" అన్నది. పరీక్షలైపోయినంక ఇంటికి పోయి ఆటో దిగిన. రోడ్డు మీద అది లేదు. అప్పుడే తెలిసిపోయింది నాకు.

అది చచ్చిపోయి పది రోజులైందట. "చెప్తే నువ్వు పరీక్షలు రాయవని..." అన్నది యాడి. రెండు పూటలు తినలేదు నేను. కుక్క పోయినందుకు కాదు, పది రోజులు నాతో అబద్ధమాడినందుకు. ఇప్పుడు ఆలోచిస్తే, రోజూ ఆ మాట చెప్పనీకి ఆమెకు ఎంత కష్టమైందో.

రాత్రి పూట బాపు చెప్పిండు. పొలానికి నీళ్లు పెట్టనీకి పోతుంటే ఒడ్డు మీద రక్తపింజర ఉన్నదట. మోతీ ముందు నడుస్తున్నది. "నా కాలు పడాల్సిన కాడ దాని మూతి పడ్డది" అన్నడు. తెల్లారేసరికి మొఖమంతా వాచింది. బాపు ఆకు పసరు పోసి, ఆ రోజు కూలికి పోకుండ పక్కనే కూసున్నడు. పొద్దుగూకేదాక బతికింది. ఒక పగలంతా.

పశువుల అంబులెన్స్ నెంబరు 1962. నా కరెంట్ అఫైర్స్ నోట్‌బుక్‌ల ఉన్నది, ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ రాసుకున్న. మనుషులకిచ్చే పాము మందే కుక్కకు గూడ పనిచేస్తదట. ఫోన్ చేస్తే బండి వచ్చేదో రాకపోయేదో, అది వేరే సంగతి. పరీక్షలో బిట్టు వస్తదని రాసుకున్న గాని, ఇంట్ల చెప్పాలని నాకు తోచనే లేదు.

ఛత్తీస్‌గఢ్‌లో, బాలోద్ జిల్లా ఖప్రి ఊర్ల, కుక్కకు గుడి ఉన్నది. కుకుర్‌దేవ్ గుడి అంటరు. మన బంజారాల కథే. ఒకాయన అప్పు కింద తన కుక్కను షావుకారి దగ్గర కుదువ పెట్టిండట. షావుకారి సొమ్మును దొంగలు ఎత్తుకపోయి దాస్తే కుక్క చూపించింది. షావుకారి సంతోషపడి, జరిగిందంతా చీటీ రాసి మెడకు కట్టి ఇంటికి పంపిండు. అది పారిపోయి వచ్చిందనుకొని ఈయన కట్టెతో కొట్టి చంపిండు. చీటీ తర్వాత చూసిండు. హాస్టల్‌లో ఫోన్‌ల ఇది చదివి, బాత్‌రూంలకు పోయి ఏడ్చిన.

మోతీని యాప చెట్టు కింద పాతిపెట్టిండ్రు. యాడి ఇప్పటికీ ఒక జొన్నరొట్టె ఎక్కువ చేస్తది, చేసినంక యాదికొచ్చి కోళ్లకు ఏస్తది. బాపుకు చదువు రాదు గాని అంకెలు వచ్చు. మొన్న వచ్చేటప్పుడు తలుపు పక్కన గోడ మీద సున్నంతో 1962 అని పెద్దగ రాసిన. బాపు కాసేపు చూసి, ఫోన్ తీసి ఒక్కో అంకె ఒత్తి, కాల్ చేయకుండ జేబుల పెట్టుకున్నడు.